ఎడం చేతి గరిటె

చచ్చిపోయినవాణ్ణి చూసి కుళ్ళుకోవడం అంత తేలికేం కాదు. బతికున్నవాడైతే ఎప్పుడో ఒకప్పుడు నోరు జారతాడు, ఎన్నికల్లో ఓడతాడు, ఏదీ కాకపోతే కనీసం బట్టతలన్నా వస్తుంది. చచ్చినవాడికి ఆ భయాలేవీ లేవు. రోజురోజుకీ మంచివాడైపోతూ ఉంటాడు. తాల్‌బగీచాలో సొంత ఇంటి వరండాలో కూర్చుని పద్నాలుగు నెలలుగా కోటిలింగం పడుతున్న యాతన ఇదే.

ఆ చచ్చినవాడు తవిటయ్య. ఖరగ్‌పూర్‌లో సఫాయి పనివాళ్ళుండే లైనులో, కోటిలింగం పుట్టిన గదికి రెండు గదుల అవతల పుట్టినవాడు. నాలుగుసార్లు కౌన్సిలరయ్యాడు. లైనులో ఆడవాళ్ళ నెత్తిమీంచి పాయిఖానా తట్టలు దింపించింది తవిటయ్య. గుమ్మాల్లోకి కుళాయి తెచ్చింది తవిటయ్య. కాంట్రాక్టు కింద వీధులూడ్చేవాళ్ళకి చేతి తొడుగులూ ఆదివారం సెలవూ ఇచ్చేదాకా పందొమ్మిది రోజులు టెంటు కింద తిండి మానేసి పడుకున్నదీ తవిటయ్యే. ఇవన్నీ కోటిలింగానికి తెలుసు. తెలిసే మండుతుంది. ఏమీ చెయ్యనివాడికి పేరొస్తే నవ్వుకుని ఊరుకోవచ్చు. చేసినవాడికొస్తే ఏం చేస్తాం?

తవిటయ్య శవయాత్ర నాడు జనం లైను దగ్గర మొదలై గోల్‌బజార్ దాటిపోయారు. చేపలమ్మేవాళ్ళు కూడా కత్తులు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. కోటిలింగం ఆ గుంపులో తలొంచుకుని నడుస్తూ, తన చావుకి ఎంతమంది వస్తారో అంచనా వేసుకున్నాడు. రెండు ఆటోలు. సర్దుకు కూర్చుంటే ఒకటి చాలు.

అలాగని కోటిలింగం బతుకు చెడిందేమీ లేదు. రైల్వేలో ఖలాసీగా చేరి ఫిట్టరుగా రిటైరయ్యాడు. పింఛనుంది, డాబా ఉంది, బీపీ కూడా అదుపులోనే ఉంది. కానీ ఇంట్లో వంటగదిలో, దేవుడి పటాల పక్కన, భార్య గంగాభవాని పాత క్యాలెండరు నుంచి కత్తిరించిన తవిటయ్య బొమ్మ అంటించింది. మంచినీళ్ళకి వెళ్ళినా తవిటయ్యే, టీకి వెళ్ళినా తవిటయ్యే. ఒకసారి దాని మీద చెంచాల స్టాండు తగిలించాడు. మర్నాటికి స్టాండు వేరే మేకుకి మారింది, తవిటయ్య నవ్వుతూనే ఉన్నాడు.

"సచ్చినోడి మీద ఏటయ్యా నీకు?" అంది గంగాభవాని.

"ఆడి మీద నాకేటి? గోడ పాడైపోతందని."

తవిటయ్యకొచ్చిన పేర్లన్నిట్లోనూ కోటిలింగం గుండెల్లో గుచ్చుకునేది ఒకటుంది. గరిటె తవిటయ్య. ఊళ్ళో అందరూ అలాగే పిలిచేవారు. ఆ పేరెందుకొచ్చిందో లైనులో చిన్న పిల్లలు కూడా చెబుతారు.

నలభై మూడేళ్ళ కిందట మాతా పూజ సంబరానికి, పై కులాలవాళ్ళుండే పెద్ద లైను పూజా సంఘం వాళ్ళు పందిట్లో అన్నదానం చేసేవారు. అందరూ వరసలుగా కూర్చుని తినేవారు. సఫాయి లైను వాళ్ళు మాత్రం అందరి భోజనాలూ అయ్యాక పందిరి వెనక, కాలవ పక్కన, అడ్డంగా కట్టిన తాడుకి ఇవతల, ఎవరి గిన్నెలు వాళ్ళు పట్టుకుని నిలబడాలి. గరిటె గిన్నెకి తగలకుండా పైనుంచి పోసేవారు. దాన్ని గిన్నెల వరస అనేవారు. ఆ ఏడు ఒక కుర్రవాడు తాడు దాటి వెళ్ళి, గరిటె లాక్కుని, తనవాళ్ళకి తనే వడ్డించాడు. పందిరి గగ్గోలెత్తింది. కొట్టారు, కేసు పెట్టారు, పద్నాలుగు రోజులు జైల్లో ఉంచారు. జైలు గేటు దగ్గర ఎదురుచూస్తున్న లైను జనం అతన్ని భుజాల మీద మోసుకొచ్చారు. నాయకుడు అలా పుట్టాడని అందరూ చెప్పుకుంటారు.

మరుసటి ఏడు నుంచి లైనులోనే వేరే భోజనం మొదలుపెట్టాడు తవిటయ్య. ఏ ఇంటివాళ్ళయినా రావచ్చు, అంతా కలిసి కూర్చోవాలి. వడ్డించేవాడంటూ ఒకడుండడు. ఒక్కొక్కరూ పది ఆకులకి వడ్డించి గరిటె పక్కవాళ్ళకి అందించాలి. ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా పది ఆకులు వడ్డించాకే తన ఆకు ముందు కూర్చోవాలి. కోటిలింగం ప్రతి ఏడూ వెళ్ళేవాడు, తినేవాడు. గరిటె తన దాకా వచ్చేసరికి భుజం పట్టుకునేవాడు. నలభై రెండేళ్ళుగా అదే భుజం నొప్పి. ఏ డాక్టరుకీ చూపించుకోలేదు.

ఎందుకంటే, ఆ రోజు తాడు దాటి గరిటె లాక్కున్నది తవిటయ్య కాదు. కోటిలింగం.

ఇది నిజం. దేవుడి ముందు ప్రమాణం చేసి చెప్పగల నిజం. ఆ వేళ గిన్నెల వరసలో వాళ్ళమ్మ సత్తు గిన్నె పట్టుకుని నిలబడింది. పైనుంచి పోసిన కిచిడీ గిన్నె తప్పి ఆమె మణికట్టు మీద పడింది. ఆమె అరవలేదు. గిన్నె రెండో చేతిలోకి మార్చుకుని, ఇంకాస్త ముందుకి చాపింది. అలా చాపడం చూసి ఇరవై నాలుగేళ్ళ కోటిలింగానికి ఒళ్ళు తెలియలేదు. తాడు దాటాడు. గరిటె లాక్కుని, ముందు అమ్మకి, తర్వాత ఆమె వెనకామెకి, అలా ఏడెనిమిది గిన్నెలకి వడ్డించాడు. అదీ ఎడం చేత్తో. పుట్టుకతోనే ఎడం చేతివాటం వాడిది. తినే వేళ కుడి చెయ్యి వాడాలని అమ్మ ఎన్ని మొట్టికాయలు వేసినా, ఒళ్ళు తెలియని కోపంలో ఏ చెయ్యి ముందు లేస్తుందో ఆ చెయ్యే లేచింది.

ఈ కథ ఇక్కడిదాకా గంగాభవానికి వందసార్లు చెప్పాడు. సరిగ్గా ఇక్కడే అతనికి దగ్గొస్తుంది. మంచినీళ్ళడుగుతాడు. నీళ్ళొచ్చేసరికి మాట మారిపోతుంది.

*

మాఘమాసంలో ఒక పొద్దున తవిటయ్య కూతురు రాధిక వచ్చింది. బడిలో లెక్కలు చెబుతుంది, తండ్రిలాగే మాట తక్కువ. వెంట మేదినీపూర్ నుంచి పాల్ అనే శిల్పిని తీసుకొచ్చింది.

"నాన్న విగ్రహం పెడతన్నారు మావా, కుళాయి చౌరస్తాలో. చేతిలో గరిటె ఉండాలన్నారు కమిటీవాళ్ళు. ఆ వేళ నాన్న పక్కన ఉన్నోళ్ళలో ఇప్పుడు మీరొక్కరే మిగిలినారు. ఎలా పట్టుకున్నాడో ఈ దాదాకి చెప్పండి."

విగ్రహం! కోటిలింగం లెక్క వేసుకున్నాడు. నాలుగు నెలల్లో తను కూరలకి వెళ్ళే దారిలో, ఎండకీ వానకీ, తన గరిటె పట్టుకుని తవిటయ్య నిలబడి ఉంటాడన్నమాట.

పాల్ నోటు పుస్తకం తెరిచి, ముందు కుడి చెయ్యి ఎత్తాడు, తర్వాత ఎడం చెయ్యి. "కోన్ హాత్, దాదా?"

కుడి అనాలి. తవిటయ్య అన్నీ కుడి చేత్తోనే చేసేవాడని ఊరంతటికీ తెలుసు. కోటిలింగం తన ఒళ్ళోని ఎడం చేతిని చూసుకున్నాడు. ఆ చెయ్యి నలభై మూడేళ్ళుగా గరిటె ముట్టలేదు.

"ఎడం సెయ్యి," అన్నాడు. "ఇలాగ. మోచెయ్యి పైకి. గట్టిగా పట్టుకున్నాడు."

లేచి నిలబడి చూపించాడు కూడా. పాల్ గబగబా గీసుకున్నాడు. రాధిక కోటిలింగం చేతినే కాసేపు చూసి, టీ గ్లాసు కింద పెట్టి, "వెళ్ళొస్తాను మావా" అంది.

వాళ్ళు వెళ్ళాక గంగాభవాని వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"తవిటయ్య బావుది కుడి సెయ్యి వాటం గదా?" అంది.

"విగ్రహానికి ఏ సెయ్యయితే ఏటి!"

"నీ సెయ్యెట్టినావు ఆడికి."

ఆ రోజు కోటిలింగం చాలా రోజుల తర్వాత రెండు చపాతీలు ఎక్కువ తిన్నాడు. ఊరంతా దండలు వేసి మొక్కే ఆ చెయ్యి తనదని తనకొక్కడికే తెలుసు. కుళ్ళుకి అంతకన్నా మంచి మందు ఇన్నేళ్ళలో దొరకలేదు.

*

మాతా పూజ నాడే ఆవిష్కరణ పెట్టారు. ఎండ మాడ్చేస్తోంది. కుళాయి చౌరస్తాలో షామియానా, మైకులు, కుర్చీలు. పక్కన కట్టెల పొయ్యి మీద పెద్ద గంగాళంలో కిచిడీ ఉడుకుతోంది. స్మారక కమిటీ పెద్ద ఉమాశంకర్ తెల్ల చొక్కా చెమటకి అంటుకుపోయి, మైకు వదలకుండా అటూ ఇటూ తిరుగుతున్నాడు. ముప్ఫై ఐదేళ్ళ మనిషి. తవిటయ్య చేతి కింద పెరిగినవాడు. కోటిలింగాన్ని ముందు వరసలో కూర్చోబెట్టాడు.

రాధిక తాడు లాగింది. గుడ్డ జారింది.

ముఖం అచ్చు తవిటయ్యదే. ఒక పక్కకి వంగే ఆ నవ్వు, చెవుల మీద జుట్టు, అన్నీ. జనం చప్పట్లు కొట్టబోయి, మధ్యలో ఆగిపోయారు.

"ఎడం సెయ్యేటి?" అని వెనక నుంచి ఒక ముసలామె అంది. "ఎడం సేత్తో ఒడ్డిస్తారేటే ఎవులైనా?"

ఆ మాట వరస వరసకీ పాకింది. అపచారమని ఒకళ్ళు, కావాలనే అవమానించారని ఒకళ్ళు. బెంగాలీ శిల్పికి మన పద్ధతులేం తెలుసని ఇంకొకళ్ళు. పాల్ మొహం పాలిపోయింది. కోటిలింగం వైపు వేలు చూపించి, "ఉనీ బోలేఛేన్, ఉనీ" అన్నాడు. ఈయనే చెప్పాడని. కానీ ఆ గోలలో ఎవరూ వినిపించుకోలేదు.

ఉమాశంకర్ మైకు తీసుకున్నాడు. "అందరూ శాంతించండి! తప్పు జరిగిపోనాది. ఫైబర్ బొమ్మే గనక ఏటీ పర్లేదు. రేపే ఆ సెయ్యి కోయించీసి, కుడి సెయ్యి పెట్టిస్తాం. ఎడం సెయ్యి ఉండదు!"

జనం ఠీక్ ఠీక్ అన్నారు.

కోటిలింగానికి తన చేతినే ఎవరో రంపంతో కోస్తున్నట్టయింది. ఈ ఊళ్ళో తనదంటూ మిగిలిన ఒకే ఒక్క ముక్క అది. రేపు సాయంత్రానికి అదీ ఉండదు. కుర్చీలోంచి ఎలా లేచాడో, మెట్లెలా ఎక్కాడో తెలియదు. మైకు ఉమాశంకర్ చేతిలోంచి ఎడం చేత్తోనే లాక్కున్నాడు.

"ఆగండ్రా!" అన్నాడు. "ఆ సెయ్యి మీద రంపం పెట్టినోడి సెయ్యి ఇరగ్గొడతాను. అది తవిటయ్య సెయ్యి కాదు. నాది."

మైకు కోసం ఉమాశంకర్ చాపిన చేతిని తోసేశాడు.

"ఆ యేళ గరిటె అట్టుకున్నాది నాను. మా అమ్మ సెయ్యి కాలిపోనాదని నాను తాడు దాటి ఎల్లినాను. ఈ సేత్తోనే ఒడ్డించినాను. నలభై మూడేళ్ళు మీరందరూ గరిటె తవిటయ్య, గరిటె తవిటయ్య అని పాడతంటే ఇనలేక సచ్చినాను. గరిటె నాది!"

అంత మాట అన్నాక గుండె తేలికవుతుందనుకున్నాడు. అదేమిటో, కాలేదు. ముందు వరసలో గంగాభవాని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అతన్నే చూస్తోంది. వెనక నుంచి ఇందాకటి ముసలామె గొంతే మళ్ళీ లేచింది.

"మరి జైలుకి ఆడెందుకెల్లినాడురా, కోటీ?"

కోటిలింగానికి దగ్గొచ్చింది. అలవాటు ప్రకారం చుట్టూ చూశాడు. మంచినీళ్ళిచ్చేవాళ్ళెవరూ లేరు. అందరూ వింటున్నారు.

"ఎందుకంటే..." అన్నాడు. గొంతు మైకులో కీచుమంది. "ఎందుకంటే పెద్ద లైనోళ్ళు బొంగులట్టుకుని వొచ్చినారు. ఎవుడ్రా గరిటె ముట్టుకున్నాడని అడిగినారు. ఆరు రోజుల్లో నాకు రైల్వే మెడికల్. కేసయితే ఉద్యోగం పోద్ది. నాకు బయమేసినాది. నోరు పెగల్నేదు. తవిటయ్య నా ఎనకాలొచ్చి, 'ఇలా తే, నీకు మెడికల్ ఉన్నాది' అన్నాడు. మెల్లగా. నా సేతిలోంచి గరిటె తీసుకున్నాడు. తీసుకుని పైకెత్తి, 'నానే' అన్నాడు. సూసిన ఏడెనిమిది మందీ నా ఉద్యోగం కోసం నోరు మూసుకున్నారు."

కోటిలింగం తల తిప్పి విగ్రహం మొహం వైపు చూశాడు.

"ఆడికీ మెడికల్ ఉన్నాది. నాతోపాటే. అదే రోజు." కోటిలింగం కళ్ళు తుడుచుకోలేదు. "ఆళ్ళు కొడతంటే, దెబ్బలు తింటానే మిగిలిన వరసంతా ఒడ్డించినాడు. జైలునుంచి ఆడు వొచ్చిననాడు నాను గేటు కాడికి కూడా ఎల్లనేదు. నాకు ఫస్టు డ్యూటీ. అంతే. ఇంకేటీ నేదు."

నలభై మూడేళ్ళ కథ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఇప్పుడు తిడతారనుకున్నాడు. చెప్పులు పడతాయనుకున్నాడు. ఏ మూలనో, సిగ్గుమాలిన ఒక చిన్న మూలన, మొదలుపెట్టినవాడు కోటిలింగమే కదా అని ఎవరన్నా అంటారేమో అని కూడా ఆశపడ్డాడు.

"తవిటయ్య అమర్ రహే!" అని ఎవరో అరిచారు.

అంతే, చౌరస్తా దద్దరిల్లిపోయింది. ఉమాశంకర్ ఏడుస్తూ మైకు లాక్కున్నాడు. "ఇన్నారా? తనకీ ఉద్యోగం ఒస్తాదని తెలిసి, స్నేహితుడి కోసం ఒదులుకున్నాడు! సచ్చేదాకా ఒక్కరికీ సెప్పనేదు! ఇలాంటోడు మళ్ళీ పుడతాడా? ఆ ఎడం సెయ్యి అలాగే ఉంటాది! అది తవిటయ్య త్యాగానికి గుర్తు!"

దండలు పట్టుకుని జనం విగ్రహం మీదికి ఎగబడ్డారు. కోటిలింగం వాళ్ళకి అడ్డంగా నిలబడిపోయాడు.

"తాతా, కొంచెం పక్కకి జరుగు," అంది ఒక అమ్మాయి, చామంతి దండ అతని తల మీదుగా విసురుతూ.

జరిగాడు. మెట్లు దిగి షామియానా గుంజకి ఆనుకున్నాడు. ఒళ్ళు మండిపోతోంది. గరిటె పట్టినవాడని ఇన్నాళ్ళూ తవిటయ్యకి వచ్చింది మామూలు పేరే. ఇవాళ తను నోరు విప్పి, పరువు తీసుకుని, వాణ్ణి దేవుణ్ణి చేసి కూర్చోబెట్టాడు. ఎడం చెయ్యి కూడా ఇక వాడిదే. ఆ క్షణంలో తవిటయ్య బతికొస్తే పీక పిసికేవాడు. తర్వాత కౌగిలించుకునేవాడు. ఏది ముందు చేసేవాడో అతనికే తెలియదు.

రాధిక వచ్చి పక్కన నిలబడింది.

"నాన్న ట్రంకు పెట్టిలో ఆ కేసు కాగితాలు దొరికినాయి మావా," అంది. "కిందటేడే. 'ఎడం చేత్తో ప్రసాదం ముట్టుకున్నాడు' అని రాసున్నాది. కింద నాన్న సంతకం. నాన్న ఎడం చేత్తో గుండీ కూడా పెట్టుకోలేడు."

కోటిలింగం ఆమె వైపు తిరిగాడు. "తెలిసే నా ఇంటికి ఒచ్చినావా?"

"తెలిసే. మీరు ఏ చెయ్యి చెప్తారో చూద్దామని. ఎడం అన్నారు గదా, ఇంక ఎప్పుడో ఒకప్పుడు మిగతాది కూడా చెప్తారనుకున్నాను."

"నీ అయ్య సెప్పినాడా ఇదంతా?"

"ఒక్క ముక్క చెప్పలేదు. అడిగితే నవ్వేవాడు. మీకు భుజం నొప్పి అని ఎవరన్నా ఎగతాళి చేస్తే మాత్రం కోప్పడేవాడు."

కోటిలింగం భుజం చేత్తో పట్టుకున్నాడు, నొప్పి నిజంగానే వచ్చినట్టు.

అప్పటికే సాలాకుల విస్తళ్ళు పరిచారు. జనం వరసల్లో కూర్చున్నారు, గరిటె చేతులు మారుతోంది. ఉమాశంకర్ పది ఆకులు వడ్డించి గంగాభవానికిచ్చాడు. గంగాభవాని పది వడ్డించి, కొంగుతో మొహం తుడుచుకుని, తిన్నగా గుంజ దగ్గరికొచ్చింది. మాట్లాడకుండా గరిటె ముందుకు చాపింది. ఎడం చేతి వైపుకే చాపింది.

నలభై మూడేళ్ళ తర్వాత తీసుకున్నాడు. బరువుగా ఉంది. ఒక్కొక్క ఆకు దగ్గరా వంగుతూ తొమ్మిది వడ్డించాడు. ఎడం చేత్తో వేస్తున్నాడని ఎవరూ ఏమీ అనలేదు. అందరూ అతని చెయ్యి చూసి, తల తిప్పి విగ్రహం వైపు చూసి దణ్ణం పెట్టుకుంటున్నారు. పళ్ళు నూరుకున్నాడు.

పదో మనిషి లైనులో ఉండే తబిత. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో షిఫ్టు దిగి, ఫ్యాక్టరీ చొక్కాతోనే పరిగెత్తుకొచ్చింది. ఆవిష్కరణా చూడలేదు, కోటిలింగం చెప్పిందీ వినలేదు. కూర్చోడానికి చోటు లేక ఆకు చేత్తో పట్టుకుని నిలబడింది. కొత్త విగ్రహాన్ని పైనుంచి కిందకి చూసింది. తర్వాత కోటిలింగం చేతిని చూసింది.

"ఓలమ్మా! అచ్చం తవిటయ్య బావులాగే అట్టుకున్నావు మావా గరిటె!" అంది సంబరంగా.

కోటిలింగం నోరు తెరిచాడు. కాదే, ఆడే నాలాగ పట్టుకున్నాడు అనబోయాడు. మాట నాలిక చివరి దాకా వచ్చింది. గరిటెలో కిచిడీ పొగలు కక్కుతోంది. ఆమె ఆకు పట్టుకున్న చెయ్యి ఇంకాస్త ముందుకి చాపింది.

"సెయ్యి జాగర్తమ్మా, వేడిగున్నాది," అన్నాడు. నడుం వంచి, గరిటె ఆకుకి ఆనించి, మెల్లగా వడ్డించాడు.